దూలానికి వేలాడిన బుడ్డల మూట

నా చిన్నప్పుడు నాకు కోపం ఎక్కువని మా ఊళ్లో అందరూ అనేవాళ్లు. ఎక్కువేం కాదు. అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పకపోతే వచ్చే కోపం అది, ఇప్పటికీ వస్తుంది. ఒక ఏడాదంతా చంద్రుడి మీద కోపంతో తిరిగానంటే నా మనవరాలు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. బెత్తం దెబ్బ తిన్నది నేను.

అప్పుడు నేను ఏడో తరగతి. డెబ్భైల మొదట్లో, చంద్రుని మీదికి మనుషులు పోయి వచ్చిన కబుర్లు ఇంకా పాతబడని రోజులు. మా పల్లె బడి ఏడుతో సరి. ఆ పైన చదవాలంటే ఆళ్లగడ్డకు పోవాలి. బస్సు లేదు, దారిలో వాగు ఒకటి, అటూ ఇటూ కంపచెట్లు. ఎదిగే ఆడపిల్లను ఆ దారిన ఒంటరిగా పంపనని మా నాయన తేల్చి చెప్పేశాడు. ఇక నాకు మిగిలింది ఒకే ఆశ. నంద్యాలలో ఒక ఆడపిల్లల బడిలో పల్లెటూరి పిల్లలకు తిండి పెట్టి, ఉండటానికి చోటిచ్చి చదివించేవాళ్లు. వేసవిలో పిలిచి నాలుగు ప్రశ్నలడిగి, నచ్చినవాళ్లను తీసుకునేవాళ్లు. సీటు వస్తే చదువు. రాకపోతే బుడ్డల చేలో కలుపు తీయడం. మా వైపు వేరుశనగ కాయల్ని బుడ్డలంటాం.

సరిగ్గా ఆ ఏడే ఆ పాఠం నా నెత్తిన పడింది. చంద్రుని మీద వస్తువు భారం ఆరో వంతు అవుతుందట, దాని ద్రవ్యరాశి మాత్రం మారదట. భారమంటే బరువు, సరే. మరి ఈ ద్రవ్యరాశి ఏమిటి? వస్తువులో ఉన్న పదార్థ పరిమాణం అని పుస్తకం చెబుతుంది. చెబితే సరిపోయిందా? దాన్ని ముట్టుకుని చూసిందెవరు? ఎత్తితే తేలిగ్గా వచ్చే వస్తువులో మారకుండా మిగిలింది ఎక్కడ దాక్కుని ఉంది?

మా సారును అడిగాను. చంద్రుని మీద తక్కెడ పెట్టి, ఒక తట్టలో బెల్లం, ఇంకో తట్టలో తూకపురాయి వేస్తే రాయి కూడా తేలికవుతుంది కదా, ముల్లు నడుమనే నిలబడుతుంది కదా, మరి బరువు తగ్గినట్టు ఎట్లా తెలుస్తుంది అని. ఒద్దికగానే అడిగాను. ఆయన చెయ్యి చాపమని బెత్తంతో ఒకటి వేసి, పుస్తకంలో ఉన్నది కంఠతా పట్టమన్నాడు, లేనిది అడగొద్దన్నాడు. తరగతంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా నాయన, సారు చెప్పింది నేర్చుకోక చంద్రుని సంగతి నీకెందుకు, మన బుడ్డలు తూకంలో తగ్గకపోతే చాలు అన్నాడు. అమ్మ నా చేతికి ఇంత నూనె రాసి పొయ్యి దగ్గరికి పోయింది.

కంఠతా పట్టాను. పట్టక ఏం చేస్తాను? వాక్యం నోటికి వచ్చింది గానీ బుర్రకెక్కలేదు. నంద్యాలలో ఇదే అడిగితే ఏం చెప్పాలి, చెప్పిన తర్వాత ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలి అని మింగలేక కక్కలేక తిరిగాను. ఆ దిగులుతో అన్నం కూడా సహించేది కాదు.

మా మేనత్త నంద్యాలలో టీచరు పని చేసేది. ఆ సీటు సంగతి మాకు చెప్పింది కూడా ఆమే. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. చర్చిలో ఆరాధన అయి, అన్నాలు తిన్నాక, పాఠాలు ఎట్లా సాగుతున్నాయని ఆమె మామూలుగానే అడిగింది. నేను బావురుమన్నాను. తక్కెడ మాట, బెత్తం మాట అన్నీ చెప్పాను. ఆమె నవ్వలేదు, ఓదార్చనూ లేదు. సరైన ప్రశ్నే అడిగావు అంది. అంత మాట నాతో అన్నది ఆమె ఒక్కతే.

తర్వాత తలెత్తి మా ఇంటి దూలం వైపు చూసింది. మా ఇళ్లల్లో విత్తనాల బుడ్డల్ని నేల మీద పెట్టరు. ఎలుకలకు అందకుండా పెద్ద మూట కట్టి, నడుము ఎత్తున వేలాడేట్టు దూలానికి పగ్గంతో కడతారు. పిల్లల్ని దాని జోలికి పోనివ్వరు. అత్త ఆ మూట దగ్గరికి నన్ను లాక్కుపోయింది.

"దీన్ని ఎవరు మోస్తాండారు?" అని అడిగింది.

దూలం మోస్తోందని చెప్పాను. నా మీద ఏమైనా బరువు పడుతోందా అంటే లేదన్నాను.

"అట్లయితే ఒక్క వేలుతో తోయి, చూస్తాం."

బరువంతా దూలం మీదే ఉందిగా, దూదిమూటలా పోతుందనుకున్నాను. వేలు పెట్టి తోస్తే వేలు వంగింది గానీ మూట కదిలీ కదలనట్టే ఉంది. రెండు చేతులూ ఆనించి, కాళ్లు తన్నిపెట్టి తోస్తే మెల్లగా కదిలింది. అటు పోయి ఇటు వస్తుంటే ఇంకా తొయ్యమంది. బాగా ఊగుతున్నప్పుడు, ఎదురుగా నిలబడి ఆపమంది. ఆపుదామని నిలబడ్డాను. ఆ మూట వచ్చి నన్ను వెల్లకిలా పడేసింది. మా నాయన పరుగెత్తుకొచ్చి, విత్తనం మూటతో ఆటలేందని అత్త మీద కేకలేశాడు. ఆమె పట్టించుకోలేదు. అంతే పెద్ద గోనెసంచిలో బుడ్డల పొట్టు నింపి, దూలానికి కట్టించింది. దాన్ని వేలుతో తోస్తే సులభంగా పోయింది, అరచేత్తో ఆపితే ఆగింది.

"రెండింటినీ మోసేది తాడే. మరి ఒకటి నిన్ను పడేసింది, ఒకటి పడేయలేదు. ఆ పడేసిందే ద్రవ్యరాశి. చంద్రుని మీదికి పోతే తాడుకు సుఖం గానీ తోసే నీకు సుఖం లేదు అమ్మీ."

నా తక్కెడ ప్రశ్నకూ అప్పుడే జవాబు చెప్పింది. రెండు తట్టలూ ఒకేలా తేలికవుతాయి కాబట్టి తక్కెడ చూపేది ఆ మారనిదాన్నేనట. తగ్గింది తెలియాలంటే స్ప్రింగు సాగే కాటా కావాలట. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. సంతోషం వేసింది, దాని వెనకే మళ్లీ కోపం వచ్చింది. ఇంత చిన్న మాట కోసం నన్ను అన్నాళ్లు ఏడిపించారే అని.

వేసవిలో నాయన నన్ను నంద్యాలకు తీసుకుపోయాడు. వాకిలి దగ్గర ఆయన్ను నిలబెట్టి నన్ను లోపలికి పిలిచారు. ఏమేమో అడిగి, చివరికి పెద్దసారు భారానికీ ద్రవ్యరాశికీ భేదం చెప్పమన్నాడు. నేను ఎదురుచూసిన ప్రశ్నే.

"చంద్రుని మీద బరువు తగ్గుతాది సార్. కానీ నన్ను పక్కకు తోయాలంటే ఈడ ఎంత బలం కావాల్నో ఆడా అంతే కావాల" అన్నాను.

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. నేను మూట సంగతి మొదలుపెట్టేలోపే పెద్దసారు చెయ్యి ఊపి, పుస్తకంలో ఇట్లా లేదమ్మా అన్నాడు. పుస్తకంలోదీ వచ్చు సార్ అని నేను అంటుండగానే ఇంకో పిల్లను పిలిచారు. ఆ పిల్ల నిర్వచనం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. సీటు ఆ పిల్లకు వచ్చింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆ నవ్వు మీద మాత్రం ఇప్పటికీ ఉంది.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. శిరివెళ్ల దాటాక నాయన, వాకిట్లోంచి అంతా విన్నానని, ఒకటి అర్థం కాలేదని అన్నాడు. చంద్రుని మీద మూట తేలిక కదా, తోసేదానికెందుకు కష్టం అని నన్నే అడిగాడు. ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఆళ్లగడ్డలో బస్సు ఆగేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. దిగాక ఇంటి దారి పట్టకుండా నన్ను ఆళ్లగడ్డ హైస్కూలుకు నడిపించాడు. సెలవులు కాబట్టి గేటుకు తాళం ఉంది. ఎప్పుడు తెరుస్తారో పక్క అంగడిలో కనుక్కున్నాడు.

బడులు తెరిచిన రోజు పొద్దున నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకున్నాడు. రాత్రి వాన పడి దారంతా రేగడి బురద. చక్రం కదలక ఆయన ఆయాసపడుతుంటే నేను దిగుతానన్నాను.

"కూర్చో. కదిలేదాకనే కష్టం. కదిలినాక ఆపేదీ అంతే కష్టం, నువ్వు చెప్పిందే గదా" అన్నాడు.

పదో తరగతి దాకా ఆ సైకిల్ మీదే పోయాను. ఆ తర్వాత చదువులోనూ, ఉద్యోగంలోనూ నన్ను తేలిగ్గా చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. తోసి చూసినవాళ్లకు తెలుసు.