గంటగంటకీ జ్వరం చూసినవాడు

ఆ ఆసుపత్రి ఐసీయూలో రోగుల జ్వరం చూసే మనిషికి యాభై దాటినా వార్డుబాయ్ అన్న హోదా పోలేదు. నర్సులే జాలిపడి జ్వరాల బాబాయ్‌ని చేశారు. వైరు చివర చిన్న బొడిపె ఉన్న థర్మామీటరు అతని చేతిలో ఎప్పుడూ ఉండేది. దాన్ని ఒక రోగి చంకలో పెట్టి, తీసి, నిమ్మవాసన వేసే మందులో తడిపిన గుడ్డతో తుడిచి, పక్క మంచానికి వెళ్ళేవాడు. ఆ వాసన మీద అతనికి మహా నమ్మకం.

ఆ ఏడాది ఐసీయూలో కొందరు జ్వరంతో పోయారు. ఒకరికి గుండె అన్నారు, ఒకరికి వయసు అన్నారు. ఆ చావులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. తీరిక లేదట.

అప్పుడే బాబాయ్ భార్యకి పేగు ఆపరేషన్ అయింది. బాగానే కోలుకుంది. జనరల్ వార్డుకి పంపేస్తామని సర్జన్ అంటే బాబాయ్ ససేమిరా అన్నాడు.

“ఇక్కడైతే నా కళ్ళ ముందుంటుంది సార్. ఇంకొన్నాళ్ళు ఉంచండి,” అని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

పాత మనిషి కదా అని సర్జన్ సరేనన్నాడు. బయటివాడి భార్య అయ్యుంటే ఆ పూటే వార్డు మారి, క్షేమంగా ఇల్లు చేరేది.

మిగతావాళ్ళకి పూటకోసారి చూసే జ్వరం ఆమెకి గంటగంటకీ చూశాడు. అతను కనిపిస్తే చాలు, ఆమె నవ్వి చెయ్యెత్తేది.

“ఇంట్లో ఎన్నడైనా ఇంత గారాబం చేశారా మీరు?” అని దెప్పేది.

కొన్నాళ్ళకి నిజంగానే జ్వరం వచ్చింది. రక్తపరీక్షలో ఈస్ట్ అనే ఫంగస్ బయటపడింది. పిండిని పొంగించే ఈస్ట్‌కి దూరపు చుట్టమే గానీ, ఇది ఆసుపత్రుల్లో తిరిగే రకం. చర్మం మీదా ప్లాస్టిక్ మీదా రోజుల తరబడి బతుకుతుంది, సెలైన్ గొట్టం వెంట రక్తంలోకి దిగుతుంది. మామూలుగా ఇచ్చే మందుకి లొంగలేదు. కిడ్నీలను పిండేసే గట్టి మందుకీ లొంగలేదు. మిగిలిన ఒక్క మందూ ఎక్కిస్తూ, ఇది పనిచెయ్యకపోతే ఇంకేమీ లేదన్నారు.

ల్యాబు డాక్టరమ్మ మంచాలూ కుళాయిలూ అన్నీ దూదిపుల్లలతో తుడిచి పరీక్ష చేసింది, పోయినవాళ్ళ పాత రక్తనమూనాలూ తీసి మళ్ళీ చూసింది. దొరికింది థర్మామీటరు మీద.

“పోయినవాళ్ళ ఒంట్లోదీ, మీ ఆవిడ ఒంట్లోదీ, దీని మీదున్నదీ ఒకటే బాబాయ్. ఆ నిమ్మవాసన మందుకి ఇది చావదు.”

“ప్రతిసారీ తుడిచానమ్మా.”

“తుడిచావు. కాదనట్లేదు.”

“అందరికంటే మా ఆవిడకే ఎక్కువసార్లు పెట్టాను.”

ఆ నిమ్మవాసన మందు కొన్న పెద్దలను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. బాబాయ్‌ని మాత్రం జ్వరాలు చూసే పని నుంచి తప్పించారు.

అతను చేతులు వెనక్కి కట్టుకుని భార్య మంచం దగ్గర నిలబడ్డాడు. ఆమె ఎప్పటిలాగే చెయ్యెత్తింది. అతను కదల్లేదు. వాడి పారేసే థర్మామీటరుతో నర్సు వచ్చింది.

“మీరు చూడరా?” అంది భార్య.

“ఇకమీదట సిస్టరే చూస్తుంది.”

“నుదుటి మీద చెయ్యైనా పెట్టండి.”

పెట్టలేదు. ఇదంతా తన చేతి మీదుగా వచ్చిందని చెబుదామనుకున్నాడు గానీ, వెనక కట్టుకున్న చేతులు ఇంకాస్త బిగించుకున్నాడు.

“విసుగొచ్చింది మీకు,” అంది ఆమె.

“పడుకో,” అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగింది. మర్నాడు పోయేదాకా, అతను లోపలికి వచ్చిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంది.