కప్లింగు పళ్ల బొజ్జ

ఆ రోజుల్లో డిప్లొమా చేతికొస్తే చాలు, లోకంలోని మరలన్నీ మనకోసమే చెడిపోయి కూర్చున్నాయనిపించేది. అరవైల మొదట్లో నేనూ అలాంటి డిప్లొమా ఒకటి సంపాదించి, పాలమూరు ఊరి చివర ఒక పల్లినూనె మిల్లులో చేరాను. మోత్కూరులో మా బాపు కనబడినవాణ్ణల్లా ఆపి, "మావోడు పాలమూరుల ఇంజనీరు" అని చెప్పేవాడు (ఎదుటివాడు అడక్కపోయినా సరే). మిల్లులో మాత్రం నన్ను లెక్కచేసేవాడు లేడు. అందరూ చాచా మాటే వినేవాళ్లు. చాచా అంటే మా ముసలి మిస్త్రీ. బడి మొహం చూడని మనిషి, చప్పుడు విని మోటారు రోగం చెప్పేవాడు. నాకది మహా కడుపుమంటగా ఉండేది.

మోటారునూ నూనె మరనూ కలిపే కప్లింగు అరిగిందని కొత్తది తెప్పించారు. కప్లింగంటే బ్రహ్మవిద్యేం కాదు. రెండు షాఫ్టుల కొసలకూ చెరొక పళ్ల చక్రం, ఆ రెంటినీ కప్పుతూ లోపలివైపు పళ్లున్న ఒక ఇనుప తొడుగు. పళ్లలో పళ్లు ఇరుక్కుని, మోటారు తిరిగితే మరా తిరుగుతుంది. చాచా మేనకోడలి పెళ్లికి నారాయణపేట పోతూ, "బేటా, నేనొచ్చినంక బిగిద్దాం. గప్పటిదాంక జర ముట్టకు" అన్నాడు. ముట్టకు అన్నాక ముట్టకుండా ఉండడానికి నేనేమైనా రుషినా? పెట్టె విప్పాను. చూస్తే ఏముంది, చక్రం మీద ఒక్క పన్నూ తిన్నగా లేదు! ప్రతి పన్నూ నడుమ ఉబ్బి, రెండు కొసల్లో సన్నబడి, చక్కగా బొజ్జ వేసుకుని కూర్చుంది. "సేటూ, కంపెనీవాడు మోసం జేసిండు!" అని మిల్లు యజమాని దగ్గరికి పరుగెత్తి అరిచాను. పల్లికాయ బండ్లు వాకిట్లో బారులు తీరి ఉన్నాయి. సేటు కంగారుపడి, "మరెట్ల?" అన్నాడు. "ఫికర్ జెయ్యకుండ్రి, నేనున్న" అన్నాను. (ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.)

మూడు రోజులు ఆకురాయి పట్టుకుని పన్ను పన్నుకూ బొజ్జ తీశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. హమాలీలు చుట్టూ చేరి, "ఇంజనీరు సాబ్, మా సేటు బొజ్జ గూడ జర గీకరాదుండ్రి" అని గుసగుసలాడేవాళ్లు. నాలుగో రోజు పొద్దున బిగించి, కొబ్బరికాయ కొట్టించి, మోటారు వేశాను. మొదట గొణిగింది, తర్వాత దడదడలాడింది, తర్వాత మిల్లు మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. రేకుల మీది పావురాలు లేచిపోయాయి. నూనె డబ్బాలు వాటంతటవే నడవసాగాయి. సేటు టోపీ ఎగిరి నూనె తొట్టిలో పడింది. "బంద్ జెయ్! అరె, బంద్ జెయ్!" అని సేటు కేకలేసి, ఊపిరి తీసుకుని, "గా కంపెనీవానికి ఉత్తరం రాయి! ఇంగ్లీషుల తిట్టు!" అంటూ బండ్లవాళ్లను సముదాయించడానికి బయటికి పోయాడు. మిల్లులో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను గీకిన పళ్లకు ఎవరినో దొంగా అని నేనే రాయాలి. రాయడం మొదలుపెట్టాను కూడా.

సరిగ్గా అప్పుడే చాచా పెళ్లి లడ్డూల మూటతో దిగాడు. తొడుగు విప్పి, పళ్లు తుడిచి చూశాడు. రాపిడి మెరుపంతా పళ్ల కొసల్లోనే ఉంది, నడుమ ఎక్కడా తాకిన గుర్తే లేదు. తర్వాత నా అరచేతులు చూశాడు. చపాతీ కర్ర తెప్పించి, పీట మీద పెట్టి అటూ ఇటూ వంచాడు.

"నడుమ లావుంది గద, ఎటు వంచినా నడుమనే ఆనుతది. మన నేల కుంగుతనే ఉంటది బేటా, రెండు షాఫ్టులు జర వంకరగనే ఉంటయి. గందుకే గా బొజ్జ కావాలనే పెట్టిన్రు. నువ్వు తిన్నగ జేసినవ్. ఇగ జర వంగితె చాలు, కొస ఒక్కటే గుచ్చుకుంటది, భారమంత దాని మీదనే."

సేటు తిరిగొచ్చి, "రాసినవా? కంపెనీదే గద తప్పు?" అన్నాడు. చాచా తల వంచుకుని చపాతీ కర్ర తుడుస్తున్నాడు. నేను అబద్ధమాడినా కాదనడని అర్థమైంది. అందుకే ఆడలేకపోయాను. బాపు మొహం కళ్లముందు మెదిలింది. అయినా ఉత్తరం చింపేసి, "సేటూ, పండ్లు నేనే ఖరాబు జేసిన" అన్నాను.

"మూట గట్టుకో! మోత్కూరు బస్సెక్కు!"

"జర ఆగు సేటూ" అన్నాడు చాచా, చక్రాన్ని వెలుతురుకు పట్టి. "గిన్ని పండ్లు గీకిండు, ఒక్కదానికి ఇంకోదానికి ఎంట్రుకంత ఫరక్ లేదు. గింత బరాబర్ ఖరాబు జేసుడు నాతోని గూడ గాదు. చెయ్యి మంచిది, తెలివే తక్కువ. అకల్ నేను నేర్పిస్త, ఉండనీ."

సేటు ఆ పళ్లను వేలితో తడిమి చూశాడు. నూనె కారుతున్న టోపీని పిండుకుంటూ, "మంచిది, ఉండు. గానీ చాచాను అడగంది తలుపు గడియ గూడ ముట్టకు" అన్నాడు. పాత కప్లింగే మళ్లీ బిగించి, కొత్తది వచ్చేదాకా దానితోనే నడిపించాం. చాచా దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను.

ఆ ఇరవై రెండేళ్ల ఇంజనీరు ఇప్పుడు ఎదురుపడితే చెవి మెలిపెట్టాలనే ఉంటుంది. కానీ వాడి బొబ్బల చేతులు గుర్తొస్తే మనసొప్పదు. పిచ్చివెధవ, మూడు రోజులు ఎంత శ్రద్ధగా పాడుచేశాడో! ఆ తర్వాత నా జన్మలో ఏదైనా అంత శ్రద్ధగా బాగుచేశానా అంటే, నిజం చెప్పొద్దూ, గుర్తుకు రావడం లేదు.