తాళ్ళ వంతెన కింద నానమ్మ

ఈ ప్రయాణం చేసింది కిందటి కార్తీకంలో. రాయడం ఇప్పటికి కుదిరింది. యాభై ఆరేళ్ళు వచ్చేవరకు నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి బడి మానిపించారు, పెళ్ళయ్యాక వరి పొలం పనిలో పడిపోయాను. రెండేళ్ళ కిందట మా పెంటపాడులో డ్వాక్రా ఆడవాళ్ళకి సాయంత్రం క్లాసు పెడితే వెళ్ళి నేర్చుకున్నాను. ప్రయాణం నాటికి కూడబలుక్కుని చదవగలిగేదాన్ని గాని, రాయమంటే నా పేరు, పచారీ సామాన్ల చీటీ, అంతవరకే. పేజీ నిండా రాసేలా చెయ్యి తిరిగేసరికి వేసవి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇందులో నేను మంచిదానిలా కనపడను. అలాంటిది రాయడానికి అక్షరాలు వస్తే చాలదు.

మా అబ్బాయి శ్రీను ఏలూరులో ఉంటాడు. కోడలు లావణ్యకి ఆ నెలలోనే ఉద్యోగం వచ్చింది. మనవరాలు హాసినికి ఎనిమిదేళ్ళు. బడి నుంచి వచ్చాక పిల్లని చూసుకోవడానికి ఎవరో ఒకరు వాళ్ళింట్లో ఉండాలి. అది రెండు గదుల ఇల్లు, పెద్దవాళ్ళు ఒకరు ఉండడమే ఇరుకు. నేను మా ఆయన పోయినప్పటి నుంచి ఒంటరిదాన్నే. కైకలూరులో లావణ్య వాళ్ళమ్మ రాజ్యలక్ష్మిగారు కూడా ఒంటరే. ఆవిడ టీచరుగా చేసి రిటైరయ్యారు. పిల్లకి హోంవర్కు చెప్పగలరు, ఇంగ్లీషు మాట్లాడగలరు. నేను ఆవడలు వేయగలను.

"ఆదివారం అందరం అడవి పార్కుకి వెళ్దామమ్మా, వనభోజనాల్లాగా ఉంటుంది" అని శ్రీను ఫోను చేశాడు. "ఇంట్లో ఎవరుండాలో అక్కడ హాసిని చేతే చెప్పిద్దాం. దాని ఇష్టం ప్రకారం అయితే ఎవరికీ కష్టం ఉండదు."

ఎందుకుండదు? నాకు అప్పుడే మొదలైంది.

పార్కు నల్లజర్ల దాటాక అడవి పక్కన ఉంది. రాజ్యలక్ష్మిగారు శనివారమే ఏలూరు వచ్చేశారు కాబట్టి వాళ్ళతో కారులో వస్తారు. "నీకోసం పెంటపాడు వైపు తిరిగి రావాలంటే బోలెడు ఆలస్యమవుతుంది, నువ్వు గూడెంలో బస్సెక్కెయ్" అన్నాడు వాడు. గూడెం అంటే తాడేపల్లిగూడెం. సరే అన్నాను. ఫోను పెట్టేశాక, ముందు సీట్లో ఆవిడ కూర్చుంటుందా, వెనక పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందా అని చాలాసేపు ఆలోచించాను.

శనివారం సాయంత్రం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో శ్రీను ఒక పొడుగాటి మెసేజీ పెట్టాడు. తెలుగు మాటలే, కానీ ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాడు. నాకు తెలుగు అక్షరాలే వచ్చు. అందులో పది అంకె కనపడింది, పదింటికి రమ్మంటున్నాడని అర్థమైంది. ఆ కింద రాజ్యలక్ష్మిగారు బొటనవేలు బొమ్మ పెట్టారు. పక్కింటివాళ్ళని అడిగి చదివించుకోవచ్చు. కానీ రెండేళ్ళు క్లాసుకి వెళ్ళి ఇంకా అడుగుతానా? నేను నమస్కారం బొమ్మ పెట్టాను.

ఆదివారం నాలుగింటికి లేచాను. పులిహోర, గుత్తి వంకాయ కూర, పెరుగులో వేసిన ఆవడలు, చక్కెర పొంగలి చేశాను. అన్నీ పెద్ద స్టీలు క్యారేజీలో సర్ది, అరిటాకులు చుట్టి బుట్టలో పెట్టాను. కొత్త జరీ చీర కట్టుకున్నాను. ఏడున్నరకి ఆటో ఎక్కితే ఎనిమిదికల్లా గూడెం బస్టాండులో ఉన్నాను. ఆర్టీసీలో ఆడవాళ్ళకి టికెట్టు డబ్బులు లేవు గాని, వెళ్ళేవాళ్ళు ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోవాలి. నల్లజర్ల బస్సు ఎనిమిదీ ఇరవైకి కదిలింది. నా పక్కన కూర్చున్నావిడ కాళ్ళ దగ్గర ఉల్లిపాయల బస్తా ఉంది. గూడెం మార్కెట్లో కొని తీసుకెళ్తోందట.

"ఇంత వంట ఎక్కడికండీ?" అని అడిగింది.

"మనవరాలితో వనభోజనాలండి."

"మరి ఒక్కరే వెళ్తున్నారేంటండీ?"

"వాళ్ళు కారులో వస్తున్నారండి."

"ఓహో. అమ్మమ్మగారు కారులోనా?"

"చెప్పకుండానే ఎలా కనిపెట్టారండీ?"

"నేనూ నానమ్మనేనండి" అంది ఆవిడ.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ నవ్వి మరిచిపోయింది, నేను మరిచిపోలేదు. కిటికీలోంచి కోతకొచ్చిన వరి చేలు కాసేపు కనిపించాయి. తర్వాత మెట్ట మొదలైంది. ఎర్రమట్టి, పామాయిల్ తోటలు, జీడిమామిడి చెట్లు. మా డెల్టా వాళ్ళకి అదే అడవిలా ఉంటుంది. తొమ్మిదింటికి నల్లజర్లలో దిగి, టీ తాగి, ఇంకో ఆటో మాట్లాడుకున్నాను. పార్కు అనగానే అందరికీ తెలుసు.

గేటు దగ్గర ఒక పెద్దాయన నా బుట్ట చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బయట తిండి లోపలికి తేకూడదండి అమ్మగారూ."

"ఇది తిండి కాదండి, వనభోజనాలు. కార్తీకమాసం కదా, ఉసిరి చెట్టు కింద కూర్చుని తింటాం."

"లోపల ఉసిరి చెట్టు లేదండి. రెస్టారెంటు ఉంది."

అప్పుడే కారు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి రాజ్యలక్ష్మిగారు దిగారు. చుడీదారు వేసుకున్నారు. కాళ్ళకి తెల్ల బూట్లు. అరవై రెండేళ్ళ మనిషి. నేను నా జరీ చీర కుచ్చిళ్ళ వంక చూసుకున్నాను. శ్రీను నా బుట్ట చూసి "అయ్యో అమ్మా, తిండి తేవద్దని నిన్న మెసేజీలో పెట్టాను కదా! బూట్లు వేసుకోమని కూడా రాశాను, చూళ్ళేదా?" అన్నాడు.

"చూశాన్రా. మర్చిపోయాను" అన్నాను.

రాజ్యలక్ష్మిగారు నా ముఖం కేసి చూసి, బుట్ట అందుకోబోయారు. "ఇలా ఇవ్వండి వదినగారూ, ఎంత బరువు మోసుకొచ్చారో." నేను ఇవ్వలేదు. గేటు పెద్దాయన దగ్గరే పెట్టాను. ఆకలేస్తే ఆయన్నీ తినమన్నాను.

లోపల పెద్దవాళ్ళకి ఆరువందలు, పిల్లలకి నాలుగువందలు. చూడడానికి మాత్రమే వచ్చేవాళ్ళకి నూటయాభై. నాకు నూటయాభై టికెట్టు కొన్నారు. చీరతో బెల్టులు పడవని అక్కడి ట్రైనరు చెప్పింది. చెట్టు నుంచి చెట్టుకి తాళ్ళ వంతెనలు, గుండ్రంగా దొర్లే దుంగలు, టైర్లు వేలాడదీసిన దారి, చివర తీగ మీద జారుకుంటూ వెళ్ళే జిప్‌లైను ఉన్నాయి. కింద వలలు కట్టారు. హెల్మెట్లు, నడుముకి బెల్టులు వాళ్ళే ఇస్తారు. భయపడాల్సింది ఏమీ లేదని నాకు కింద నుంచి కనపడుతూనే ఉంది.

"మీరు కూడా రావాల్సింది వదినగారూ" అన్నారు రాజ్యలక్ష్మిగారు. "లావణ్య దగ్గర ఇంకో చుడీదారు ఉందేమో అడగనా?"

"వద్దులే అమ్మమ్మా" అంది హాసిని. "నానమ్మకి రాదు. నానమ్మ బ్యాగులు చూస్తుంది."

పిల్ల మాట అది, అందులో ఏమీ లేదు. అయినా నాలుగు బ్యాగులు, రెండు కళ్ళజోళ్ళు, ఒక వాచీ ఒళ్ళో పెట్టుకుని వంతెన కింద చెక్క బల్ల మీద కూర్చున్నాక ఆ మాటే తిరిగి తిరిగి వినపడింది. పైన హాసిని, వెనకాలే రాజ్యలక్ష్మిగారు. శ్రీను, లావణ్య ముందు వెళ్ళిపోయారు. వంతెన మధ్యలో పిల్ల ఆగిపోయింది. "అమ్మమ్మా, భయమేస్తోంది" అని ఏడుపు గొంతుతో అంది. ఆవిడ వెనక నుంచి "కిందికి చూడకు కన్నా, ఎదురుగా ఆ చెట్టు మీద పసుపు గీత ఉంది చూడు, దానికేసి నడు. నేను లెక్క పెడతాను" అన్నారు. ఒకటి, రెండు, మూడు. పన్నెండు అనేసరికి పిల్ల దాటేసింది. ఆవిడ కూడా దాటి రాగానే అది ఎగిరి ఆవిడ మెడ పట్టుకుంది. నేను కింద నుంచి చప్పట్లు కొట్టాను. చప్పట్లు కొడుతూనే, ఈవిడకి ఒక్కసారి కాలు జారితే బాగుండును అనుకున్నాను. అనుకున్న మాట దాచను.

ఆవిడకి కాలు జారలేదు. దుంగలు దాటారు, టైర్లు దాటారు. తీగ మీద కేక పెట్టుకుంటూ కాలేజీ అమ్మాయిలా జారారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక అందరూ దిగడం మొదలుపెట్టారు. మెట్ల నిచ్చెన సరిగ్గా నేను బల్ల మీంచి లేచి నిలబడ్డ చోటే నేలకి ఆనుతుంది. హాసిని దిగి జ్యూసు కోసం పరుగెత్తింది. రాజ్యలక్ష్మిగారు చివరి మెట్టు మీద ఆగారు. ఆ మెట్టుకీ నేలకీ కాస్త ఎత్తు ఉంది. ఆసరా కోసం నా వైపు చెయ్యి చాపారు.

నేను చూశాను. చూడనట్టు తల వంచుకుని బ్యాగు జిప్పు లాగుతూ ఉన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆగి, తనంతట తనే దిగారు. అడుగు పక్కకి పడి చీలమండ తిరిగింది. "అమ్మా" అని కూలబడిపోయారు. అందరూ పరుగెత్తుకొచ్చారు. ట్రైనరు కాలి మీద నొప్పి మందు చల్లి, విరగలేదు, బెణికిందేమో అంది. చూస్తుండగానే కాలు వాచిపోయింది. "అత్తయ్యగారు పక్కనే ఉన్నారు కదమ్మా, పట్టుకోవాల్సింది" అని లావణ్య అంటే, ఆవిడ "పాపం, వదినగారు బ్యాగు సర్దుతున్నారు, చూళ్ళేదు" అన్నారు.

ఆ మాట విన్నాక నేను మూసిన జిప్పునే మళ్ళీ లాగాను.

రెస్టారెంటులో ఫ్రైడ్ రైస్ తెప్పించారు. హాసిని రెండు ముద్దలు తిని కారంగా ఉందని పక్కన పెట్టింది. ఒంటిగంటన్నరకి బయటికొచ్చేశాం. గేటు పెద్దాయన క్యారేజీలో పై గిన్నె ఖాళీ చేసి కడిగి పెట్టాడు. "ఆవడలు భలే ఉన్నాయండి అమ్మగారూ" అన్నాడు. గేటు ఎదుట జీడిమామిడి చెట్టు కింద దుప్పటి పరిచి అరిటాకులు వేశాను. రాజ్యలక్ష్మిగారిని శ్రీను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. వాచిన కాలు దేని మీదైనా పెట్టాలి. బ్యాగులు పెట్టి చూస్తే కదిలిపోతున్నాయి. చివరికి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"అయ్యయ్యో, మీ ఒళ్ళో నా కాలేంటండీ! మగపెళ్ళివారు" అని ఆవిడ లాక్కోబోయారు.

"కదపకండి వదినగారూ" అన్నాను.

పులిహోర తింటుండగా శ్రీను అడిగాడు. "హాసినీ, ఇప్పుడు చెప్పు. రేపటి నుంచి ఇంట్లో ఎవరుండాలి?"

అది ఆలోచించను కూడా లేదు. "అమ్మమ్మ. అమ్మమ్మ వంతెన ఎక్కింది కదా." తర్వాత ఆ కాలు వంక చూసి, "కానీ అమ్మమ్మకి కాలు తగ్గేదాకా నానమ్మ రావాలి. లేకపోతే అమ్మమ్మకి అన్నం ఎవరు పెడతారు?" అంది.

ఇలా నాకు ఏలూరులో చోటు దొరికింది. నేను మనసులో ఎన్నిసార్లో అనుకున్న ఇల్లే. అది నాకు ఇచ్చింది ఆ చీలమండ.

మూడింటికి వాళ్ళు ఎక్స్‌రే తీయించడానికి ఏలూరు వెళ్ళిపోయారు. ఆవిడ కాలు చాపుకోవడానికి వెనక సీటు సగం పైన కావాలి, ఇక నాకెక్కడ చోటు? బట్టలు కూడా తెచ్చుకోవాలి కాబట్టి బస్సులోనే తిరిగాను. ఆ పార్కు మంచిదే. పిల్లలు సంతోషిస్తారు, పనివాళ్ళు మర్యాదగా ఉంటారు. వెళ్ళే ఆడవాళ్ళు చీర కట్టుకోకండి, తిండి తీసుకెళ్ళకండి. నిచ్చెన చివరి మెట్టు ఎత్తుగా ఉంటుంది, కింద నిలబడ్డవాళ్ళు చెయ్యి ఇవ్వండి. గూడెం వచ్చేవరకు నా మనసులో ఇంతకు మించి ఏమీ లేదు. కళ్ళు ఎంత తుడుచుకున్నా ఆ చాపిన చెయ్యే కనపడింది. సాయంత్రం శ్రీను ఫోను చేసి విరగలేదని, మూడు వారాలు అడుగు వేయకూడదన్నారని చెప్పాడు.

మర్నాడు సోమవారం. చీకటితోనే ఆటో ఎక్కి గూడెం స్టేషనుకి వెళ్ళి పాసింజరు పట్టుకున్నాను. ఏడింటికల్లా ఏలూరు ఇంట్లో ఉన్నాను. శ్రీను పాల ప్యాకెట్లకి వెళ్ళాడు, లావణ్య వంటింట్లో ఉంది. రాజ్యలక్ష్మిగారు మంచం మీద కాలు దిండు పైన పెట్టుకుని కూర్చున్నారు. హాసిని బడి బట్టలు వేసుకుని, జుట్టు విరబోసుకుని, దువ్వెన పట్టుకుని మా ఇద్దరి మధ్య నిలబడింది. ఎవరికివ్వాలో దానికి తెలియడం లేదు. నేనే తీసుకున్నాను. తీసుకుని, దువ్వలేకపోయాను.

"వదినగారూ, నిన్న మీరు చెయ్యి చాపడం నేను చూశానండి" అన్నాను.

"చూశారని నాకు తెలుసండి" అన్నారు ఆవిడ. "ముప్పై ఏళ్ళు బడిలో చేశాను. చూసి కూడా చూడనట్టు తల వంచుకునేవాళ్ళని నేను గుర్తుపట్టనా?"

ఆవిడ కాసేపు నన్నలాగే నిలబెట్టారు. తర్వాత "వ్యాను ఎనిమిదింటికి వచ్చేస్తుంది. పిల్లని ఇలా కూర్చోబెట్టండి" అని పక్కకి జరిగారు.

హాసినిని మంచం అంచున మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టి నేను పాపిడి తీశాను. కుడివైపు జడ ఆవిడ వేశారు, ఎడమవైపు జడ నేను వేశాను. ఆవిడ రిబ్బను పువ్వులా ముడి వేసేవరకు ఆగి, చూసి, నా వైపు పువ్వు దానికంటే కాస్త పెద్దదిగా కట్టాను.