వాయనంతో పాటు ఒక సంతకం

మా ఊరి సిటీ హాలు లెక్కలో గోంగూర కలుపు మొక్క. ఇంటి ముందు అడుగు ఎత్తు దాటి పెరిగేది పూలమొక్క కాకపోతే కలుపేనట. అమెరికాలో, ఇర్వింగ్‌కి నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. పెరట్లో చెట్ల నీడ ఎక్కువని వీధివైపు ఎండలో రెండు వరసలు వేశాను. జూన్‌కల్లా నడుము ఎత్తు వచ్చింది. తలుపుకి నోటీసు అతికించి పోయారు. నేను నాలుగు రెమ్మలు తుంచుకుని సిటీ హాలుకి వెళ్ళి, ఇది మేము తినే ఆకుకూర అని మర్యాదగానే చెప్పాను. కౌంటర్ వెనకున్నాయన వాసన చూసి "ఇంట్రెస్టింగ్" అన్నాడు. ఆ తర్వాతి వారం నేను ఆఫీసులో ఉండగా వాళ్ళ మనిషి మెషీన్ తెచ్చి మొత్తం నేలమట్టంగా కోసేశాడు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. నా ఇల్లు, నా నేల, నా చేత్తో చల్లిన విత్తనం. మధ్యలో వీళ్ళెవరు? మా ఆయన సర్దిచెప్పబోయాడు.

"పోనీలే, వచ్చే ఏడాది వెనకాల కుండీల్లో వేసుకుందాం."

"నువ్వే ఉండు కుండీలో," అన్నాను.

ఆ కోపంతోనే మేయర్ పదవికి నిలబడతానని ప్రకటించాను. మా మేయర్ రెండుసార్లుగా పోటీ లేకుండా గెలుస్తున్నాడు. లిబర్టేరియన్లని ఇక్కడ కొందరుంటారు. ప్రభుత్వం రోడ్లు వెయ్యాలి, దొంగల్ని పట్టుకోవాలి, అంతకు మించి మన జోలికి రాకూడదు అంటారు వాళ్ళు. నేను ఎన్నో ఏళ్ళుగా వంటింట్లో గిన్నెలకు వినిపిస్తున్నది అదే. ఇప్పుడు దాన్ని ఒక పేజీలో రాసి పంచిపెట్టాను. మీ వాకిట్లో మీ ఇష్టం వచ్చింది పెంచుకోండి, ఇంట్లో పెట్టిన పచ్చడి పర్మిట్ లేకుండా అమ్ముకోండి, మీ కారు మీ డ్రైవ్‌వేలో ఎటు తిప్పి పెట్టుకున్నా అడిగేవాడు ఉండకూడదు. మనవాళ్ళంతా తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒక అంకుల్ ఆ కాగితం చదివి, "మరి పక్కింటివాడు కోళ్ళు పెంచుతానంటేనో?" అన్నాడు. పెంచనివ్వండి అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూసి పులిహోర వడ్డించుకోవడానికి వెళ్ళిపోయాడు.

అభ్యర్థిగా పేరు చేరాలంటే ఊళ్ళో ఓటర్ల సంతకాలతో పిటిషన్ ఇవ్వాలి. సిటీ హాలులో ఎన్నికల పనులు చూసే క్లర్క్ పెద్దావిడ. కాగితాల కట్ట నా చేతికిస్తూ, సంతకం చేసేవాళ్ళు తప్పనిసరిగా ఓటర్లయి ఉండాలని రెండుసార్లు చెప్పింది. ప్రతి పేజీ పైనా, కింద సంతకం చేసినవారు తాము ఓటర్లమని తెలియజేస్తున్నారు అని ఉంది. నేను చదివాను. చదివి కూడా మన పద్ధతిలోనే ఆలోచించాను. మన ఊళ్ళలో కలెక్టర్‌కి వినతిపత్రం ఇస్తే దారిన పోయేవాళ్ళ చేత కూడా సంతకం పెట్టిస్తాం కదా! ఎన్ని ఉంటే అంత బరువు. చెల్లనివి వాళ్ళే కొట్టేసుకుంటారు అనుకున్నాను.

శ్రావణ శుక్రవారం మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి నలభై మంది దాకా వచ్చారు. బొట్టు పెట్టి, శనగలూ తాంబూలమూ జాకెట్టు ముక్కా ఉన్న సంచీ చేతికిచ్చి, ఆ పక్కనే బల్ల మీద పిటిషన్ పెట్టాను. వాయనం తీసుకున్న ప్రతి మనిషికీ కలం అందించాను. వాళ్ళలో సగం మంది ఇంకా వీసాలూ గ్రీన్‌కార్డుల దగ్గరే ఉన్నారని, ఓటు లేదని నాకు తెలుసు. ఒక్కరినీ అడగలేదు.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే అమ్మాయి వంతు వచ్చింది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఈ దేశానికి వచ్చి పద్నాలుగేళ్ళు. అక్టోబర్‌లో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉందని ఆ రోజే అందరికీ సంతోషంగా చెప్పింది.

"అక్కా, నేనింకా సిటిజన్ కాదు కదా, పర్లేదా?" అంది.

"సంతకమే కదమ్మా, ఓటు కాదుగా. కానివ్వు."

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె సంచీ మోచేతికి తగిలించుకుని, పేరు, అడ్రస్, పుట్టినరోజు రాసి సంతకం చేసింది.

సోమవారం కాగితాలు ఇచ్చాను. సంతకం చేసినవాళ్ళంతా ఓటర్లేనని నమ్ముతున్నట్టు నోటరీ ముందు ప్రమాణం కూడా చేశాను, ఏమాత్రం తడుముకోకుండా. గురువారం క్లర్క్ ఫోన్ చేసింది. సగానికి పైగా పేర్లు ఓటర్ల జాబితాలో లేవట. గడువుకి ఇంకా నాలుగు రోజులున్నాయి, ఇంకొన్ని తెచ్చుకోవచ్చంది. మేయర్ తరఫు మనిషి అప్పుడే కాపీలు అడిగాడని, ఎవరు అడిగినా ఇవ్వాల్సిందేనని కూడా చెప్పింది. నాకు వెంటనే ఆ అమ్మాయి అక్టోబర్ ఇంటర్వ్యూ గుర్తొచ్చింది.

సాయంత్రం ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె లాయర్‌కి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టింది. సిటిజన్ కాకుండా సిటిజన్‌నని ఎక్కడైనా చెప్పుకున్నారా అని ఇంటర్వ్యూలో అడుగుతారు, ఓటరునని సంతకం పెడితే అలా చెప్పుకున్నట్టే, ఇది దాచకూడదు, మనమే చెప్పాలి అన్నాడతను. ప్రమాదం ఉండకపోవచ్చు, ఉండదని మాత్రం చెప్పలేను అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె సోఫాలో కూలబడింది.

"ఎయిర్‌పోర్ట్‌లో ఇమ్మిగ్రేషన్ ముందు ఒక్కసారి భయం లేకుండా నిలబడాలనుకున్నాను అక్కా. అంతే," అంది.

మర్నాడు సిటీ హాలుకి వెళ్ళి ఆ కాగితాలు తిరిగి ఇచ్చేయమన్నాను. కుదరదంది క్లర్క్. ఒకసారి ఇచ్చాక అవి పబ్లిక్ రికార్డు. ఆ ఒక్క పేజీ అన్నాను, ఆ ఒక్క గీత అన్నాను. చివరికి అరిచాను. నా మొక్కలు కోసినవాళ్ళ మీద కూడా అరవలేదు, నాకు రెండుసార్లు జాగ్రత్త చెప్పిన మనిషి మీద అరిచాను. ప్రభుత్వం మన జోలికి రాకూడదని ఊరంతా కాగితాలు పంచిన మనిషిని నేను. నా ఇంటికొచ్చిన ఆడవాళ్ళ పేర్లు, పుట్టినరోజులతో సహా, నేనే తీసుకెళ్ళి ఆ ప్రభుత్వం చేతిలో పెట్టాను. అక్కడికక్కడే పోటీ నుంచి తప్పుకున్నాను. నేను పోటీలో లేకపోతే ఆ కాగితాలు ఎవరూ తిరగెయ్యరని ఆశ. మేయర్ మూడోసారి కూడా పోటీ లేకుండా గెలిచాడు.

అక్టోబర్‌లో ఆమె ఇంటర్వ్యూలో అంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఇప్పుడే నిర్ణయం చెప్పలేమని ఒక కాగితం ఇచ్చి పంపారు. ఆమెతో పాటు వెళ్ళినవాళ్ళు సిటిజన్లుగా ప్రమాణాలు చేసి జెండాలతో ఫోటోలు దిగారు. ఈమెకు మార్చి వచ్చినా ఏ కబురూ లేదు.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. క్షమించమని అడగడానికి వెళ్ళి, కూర్చున్న ఐదు నిమిషాలకే మళ్ళీ నా పాట మొదలుపెట్టాను. ఒక్క సంతకానికి మనిషిని ఇన్ని నెలలు వేలాడదీస్తారా, ఇవేం రూల్స్, ఇదేం దేశం అన్నాను. కప్పు చేతిలోనే ఉంది.

ఆమె నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చింది.

"రూల్స్ సంగతి నాకు తెలీదక్కా," అంది తర్వాత. "నేను మిమ్మల్ని పర్లేదా అని అడిగాను. అంతమంది ముందు చెయ్యనని చెప్పలేక అలా అడిగాను. అది మీకు అర్థం కాలేదా?"

కాలేదని చెప్పి ఉంటే నమ్మేదేమో. కానీ అర్థమైంది, ఆ రోజే. ఆమె ముఖం చూస్తూనే కలం చేతిలో పెట్టాను.