లియాన్ ఆంటీ, ఆ సినిమాలో లేని అమ్మ

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా లియాన్ ఆంటీ కూతురి మెసేజ్ వచ్చింది.

"మామ్ పోయింది. మీ స్టీల్ డబ్బాలు ఇక్కడున్నాయి, వచ్చి తీసుకెళ్ళండి."

రెండుసార్లు చదివాను. కెమెరా ఆఫ్ చేసి అలాగే కూర్చుండిపోయాను.

లియాన్ ఆంటీ ఇక లేరు.

అమెరికాలో, క్యారీ అనే ఈ ఊళ్ళో మా పక్కిల్లే. చైనా నుంచి వచ్చి, ఇక్కడ ఫార్మా ల్యాబ్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. నా పులిహోర తిని "పులుపు చాల్లేదు" అని మొహమ్మీదే చెప్పే మనిషి. నవ్వడం తక్కువ. ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

పోయిన చలికాలం మా లైబ్రరీలో ఒక చైనా సినిమా వేశారు. మావో హయాంలో, 'ద్రోహులు' అంటూ సొంత జనాన్నే వేధించిన కల్చరల్ రివల్యూషన్ రోజుల్లో ఒక ఫ్యామిలీ కథ. నేనే ఆంటీని లాక్కెళ్ళాను.

అందులో ఒక మాస్టారిని స్టేజ్ ఎక్కించి, మెడలో 'ద్రోహి' అని రాసిన అట్ట వేలాడదీసి కొడతారు. భార్య జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన మీద పడి ఏడుస్తుంది. హాల్లో అందరి చేతుల్లో టిష్యూలు. నేనైతే వెక్కివెక్కి.

ఆంటీ మొహంలో మాత్రం కోపం.

పార్కింగ్ లాట్‌లో అడిగాను. "నచ్చలేదా ఆంటీ?"

"మా నాన్ననీ అలాగే నిలబెట్టారు. మా అమ్మ ఏడవలేదు. చప్పట్లు కొట్టింది. నా చేతులు పట్టుకుని నాతోనూ కొట్టించింది. నాకు ఏడేళ్ళు."

ఆంటీ కోసం కారు డోర్ తీసి పట్టుకున్నాను.

"ఏడ్చిన వాళ్ళనీ స్టేజ్ ఎక్కించేవాళ్ళు. ఆ రోజు అమ్మ ఏడిస్తే నేను అనాథని. సినిమాలు తీసేవాళ్ళకి ఆ అమ్మ పనికిరాదు."

కొన్నేళ్ళకి లేబర్ క్యాంప్ నుంచి ఆంటీ వాళ్ళ నాన్న తిరిగొచ్చారట. కౌగిలింతలేం లేవు. పోయేదాకా వాళ్ళ ఒంటిగది ఇంట్లోనే ఉంటూ, భార్య వండింది తింటూ, ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదట.

నిన్న సాయంత్రం వెళ్ళాను. ఆంటీ కూతురు గ్రేస్, ఇక్కడే పుట్టిన పిల్ల, తల్లి బట్టలు చెత్త సంచుల్లో కుక్కుతోంది.

"హాస్పిటల్‌లో నా బిడ్డ పోయినప్పుడు కూడా కన్నీరు పెట్టలేదు. 'మొహం కడుక్కో, నర్స్ చూస్తుంది' అంది. షీ నెవర్ లవ్డ్ మీ."

చెప్పాలా వద్దా అనుకుంటూనే ఆ పార్కింగ్ లాట్ మాటలన్నీ చెప్పేశాను.

సంచి కింద పెట్టింది.

"మీకు చెప్పింది. నాకు చెప్పలేదు," అంది.

మళ్ళీ సంచి అందుకుంది. ఆంటీ చలికోటు తీసి అందులో పడేసింది.

వెళ్ళి రండి ఆంటీ. ఎవరికీ ఎవర్నీ చూసి భయం లేని చోటికి చేరుకోండి. అక్కడైనా మీకు మనశ్శాంతి దొరకాలి.