ఎనిమిది గీతలు

పోయిన నెల మా మనుమరాలికి పిత్తాశయంలో రాళ్ళు తీయాలని ఆబిడ్స్‌లో ఒక ఆసుపత్రిలో చేర్పించారు. ఆ పిల్లకు తొమ్మిదో ఏటి నుంచీ చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటేనే బతుకు. నేనూ వెంట వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, రేపు పొద్దున పరగడుపున ఎన్ని గీతలు ఇస్తారని అడిగాను. అంతే, కొడుకూ కోడలూ ఆ పిల్లా, చివరికి సెలైన్ సీసా మార్చడానికి వచ్చిన నర్సు కూడా నవ్వారు. గీతలేంది నానమ్మా, ఇప్పుడు గీతలెవరు లెక్కపెడతరు అని మనుమరాలు నా చెయ్యి పట్టుకుని మురిపెంగా అన్నది. నేను నవ్వలేదు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది, ఎనభై అయిదేళ్ళొచ్చినా దిగే మంట కాదది.

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న రోజులు. మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం, నాయిన లక్డీకాపూల్‌లో ఒక దఫ్తరులో గుమాస్తా. నాకంటే మూడేళ్ళు పెద్దదైన అక్కకు పదమూడో ఏట ఈ జబ్బు బయటపడింది. అప్పట్లో ఇది ముసలివాళ్ళ జబ్బనీ, తీపి తినేవాళ్ళ జబ్బనీ అనుకునేవారు, ఆడపిల్లకు రావడమేమిటని చుట్టాలు గుసగుసలాడతారని అమ్మ ఎవరికీ చెప్పకుండా దాచింది. నాయిన ఆబిడ్స్‌లోని మందుల దుకాణం నుంచి చిన్న ఇన్సులిన్ సీసా తెచ్చేవాడు. ఫ్రిజ్ అనేది మేమెవ్వరం చూసింది లేదు, కొత్త కుండలో తడి ఇసుక పోసి, అందులో ఆ సీసాను మెడదాకా పాతిపెట్టి, ఇసుక ఎండిపోకుండా పూటపూటకూ నీళ్ళు చల్లడం నా పని. గాజు సిరంజిని గిన్నెలో ఉడకబెట్టడం, సూది మొద్దుబారితే సానరాయి మీద నూరడం కూడా నేనే నేర్చుకున్నాను. మూత్రంలో నీలం మందు కలిపి దీపం మీద కాచి, రంగు ఇటుకలా ఎర్రబడితే చక్కెర ఎక్కువైనట్టు, నీలంగానే ఉంటే లేనట్టు లెక్క, ఆ రంగు చూడటంలో అక్కను మించినవాళ్ళు లేరు.

ఇక గీతల సంగతి. మా సిరంజి మీద ఇరవై గీతలుండేవి. మేము తెచ్చే సీసా మీద ఇరవై అని ఉండేది, అంటే ఆ మందు గీతకు ఒక యూనిట్. యూనిట్ అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు, పొద్దున పదహారు గీతలు, సాయంత్రం ఎనిమిది గీతలు, అంతే మాకు తెలిసిన లెక్క. అదే దుకాణంలో నలభై అని రాసిన సీసాలు కూడా ఉంటాయనీ, వాటిలో మందు రెండింతలు గట్టిదనీ, గీతకు రెండు యూనిట్లు పడతాయనీ మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని చెప్పేవాళ్ళకు తోచలేదు.

అక్కకు పదిహేడేళ్ళప్పుడు అపెండిక్సు నొప్పి రెండుసార్లు వచ్చిపోయింది, మూడోసారి వస్తే ప్రాణం మీదికొస్తుందని ఆపరేషన్‌కు ఒక దవాఖానలో చేర్పించాము. ఆ దవాఖాన పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడా కట్టడం అక్కడ లేదు. చేర్చుకునేటప్పుడు రోజూ ఎంత ఇస్తారని అడిగితే నాయిన అందరి ముందూ నిటారుగా నిలబడి, పొద్దుటిపూట పదహారు గీతలండీ అని చెప్పాడు. వాళ్ళు పదహారు అని రాసుకున్నారు. ఏ సీసావి అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఆపరేషన్ రోజు పరగడుపు కాబట్టి అందులో సగం ఇవ్వండి, బల్ల మీదికి తేగానే గ్లూకోజు ఎక్కిద్దామని పెద్ద డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు. మంచం కడ్డీకి నోటితో ఏమీ ఇవ్వరాదని పలక కట్టారు.

పొద్దున ఏడింటికి నర్సమ్మ ట్రేలో సిరంజీ సీసా పెట్టుకుని వచ్చింది. అక్క ఆ సీసాను చూసి లేచి కూర్చున్నది.

"ఇది మా సీసా కాదమ్మా. చీటీ రంగు వేరే ఉన్నది, జర చూడున్రి."

"నువ్వు పేషెంటువా, డాక్టరువా? ఎనిమిది గీతలు రాసిన్రు, ఎనిమిదే ఇస్తున్న. ఊకో."

ఎనిమిది గీతలు ఎక్కించి వెళ్ళిపోయింది. ఆ సీసా నలభైది, ఆ సంగతి తరువాత చీటీ రంగు చెప్పి దుకాణంలో అడిగితే తెలిసింది. అంటే సగం అనుకున్నది నిండా పొద్దుటి మోతాదు, అదీ రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని కడుపులో. పోనీ వెంటనే ఆపరేషన్‌కు తీసుకుపోయి ఉంటే ఆ గ్లూకోజు అయినా అందేది. ఎవరో పెద్ద సాబు బామ్మర్దిని ముందు లోపలికి తీసుకుపోయారట, అక్కను వరండాలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మరిచిపోయారు. నాయిన ఏదో సంతకానికని ఆఫీసు గదికి వెళ్ళాడు, నేనొక్కదాన్నే మిగిలాను.

తొమ్మిది దాటేసరికి అక్క నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు వణికాయి. నన్ను అమ్మా అని పిలిచి, బడికి ఆలస్యమైంది, జడ వెయ్యమన్నది. ఇంట్లో రెండుసార్లు చూసిన మనిషిని, చక్కెర పడిపోతే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పరుగెత్తి నర్సమ్మను పిలిస్తే ఆమె దూరం నుంచే చూసి, ఆపరేషన్ అంటే గిట్లనే బుగులైతరు, ఏం కాదు అని తన పనిలో పడింది. నేను మళ్ళీ వెళ్ళాను, ఈసారి కసిరింది. తిరిగి వచ్చేసరికి అక్క కళ్ళు తేలేసింది.

నా ఓణీ కొంగుకు ఎప్పుడూ కలకండ ముక్క ఒకటి కట్టి ఉండేది, అక్కకు చక్కెర పడిపోతే పెట్టాలని నాయిన పెట్టిన నియమం అది. స్ట్రెచర్ కడ్డీకి మార్చి కట్టిన ఆ పలక నా ముందే వేలాడుతోంది, నోటితో ఏమీ ఇవ్వరాదు. ఇస్తే ఆపరేషన్ ఆగుతుంది, ఒకవేళ మత్తులో వాంతి అయితే ప్రాణం పోవచ్చని కూడా వాళ్ళు చెప్పారు. ఇవ్వకపోతే నా కళ్ళముందే పోతుంది. కలకండను పళ్ళతో నూరి, వేలితో అక్క బుగ్గకూ చిగుళ్ళకూ మధ్య రుద్దాను, మళ్ళీ నూరి మళ్ళీ రుద్దాను. ఎంతసేపో తెలియదు. చివరికి అక్క గుటక వేసి, నా వేలు కొరికి, నన్ను నా పేరుతో పిలిచింది.

సరిగ్గా అప్పుడు పట్టుకున్నారు. ఎంత మొరటు పిల్ల, ఆపరేషన్ పాడు చేసింది, చదువూ సంధ్యా లేనోళ్ళను లోపలికి రానిస్తే గిట్లనే అయితదని వరండా అంతా వినబడేటట్టు తిట్టారు. నాయినను పిలిపించారు. నాయిన, ఎవరి ముందూ తల వంచని మా నాయిన, ఆ నర్సమ్మకు రెండు చేతులూ జోడించి, చిన్నపిల్ల, మాఫ్ చెయ్యున్రి అన్నాడు. మధ్యాహ్నం పెద్ద డాక్టరు వచ్చాడు, అక్కను చూశాడు, ట్రేలో సీసాను చేతిలోకి తీసుకుని చీటీ చదివాడు, మళ్ళీ కిందపెట్టాడు. ఆయన ముఖం మారడం నేను చూశాను. సాయంత్రానికి ఆ ట్రేలో ఇరవై సీసా ఉంది. మూడు రోజుల తరువాత ఆపరేషన్ క్షేమంగా అయింది, ఇంటికి వచ్చాము, మిఠాయి పంచలేము కాబట్టి అమ్మ అందరికీ పుట్నాలు పంచింది. ఆ సీసా గురించి ఆ దవాఖానలో ఎవ్వరూ మాకు చెప్పలేదు, క్షమించమని అనలేదు, నాయిన జోడించిన చేతులు జోడించినట్టే మిగిలిపోయాయి.

మొన్న ఆబిడ్స్‌లో మాత్రం ఒక డాక్టరమ్మ, నా మనుమరాలి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నది. నా కొడుకు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, మనుమరాలి వైపు తిరిగి, నువ్వే చెప్పమ్మా, రోజూ ఏ మందు, ఎంత తీసుకుంటవు, ఎప్పుడు చక్కెర పడిపోతది, నీ ఒంటి సంగతి నాకంటే నీకే ఎక్కువ ఎరుక అన్నది. అంతా రాసుకుని, పైకి చదివి, సరేనా అని ఆ పిల్లనే అడిగింది. నేను సంతోషించాలి కదా. నాకు సంతోషం కంటే ముందు కోపమే వచ్చింది. ఆ ఒక్క ప్రశ్న, దానికి మిషన్లు అక్కర్లేదు, ఫ్రిజ్‌లు అక్కర్లేదు, ఆనాడు మా అక్కను అడగడానికి వాళ్ళకేం రోగం!

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ పొద్దున అక్క సీసాను చూసి ముందు చెప్పింది నర్సమ్మకు కాదు, నాకు. ఆమె ఇంకా వార్డు అవతలి కొసన ఉండగానే, గా సీసా మనది కాదే అని నా చెవిలో అన్నది. ఊకో అక్కా, గాళ్ళకు తెలువదా అన్నాను.

అక్క దానికి నన్నెప్పుడూ ఏమీ అనలేదు. తరువాత పద్నాలుగేళ్ళు బతికింది. నేను పెళ్ళయి కాచిగూడకు వెళ్ళేదాకా ప్రతి పొద్దునా తడి ఇసుకలోంచి సీసా తీసి, తుడిచి, చీటీ నా వైపు తిప్పి, మన సీసానేనా అని అడిగేది. నేను ఔ అనేదాకా సిరంజి ముట్టేది కాదు. ఇప్పుడు మా మనుమరాలి చేతికి అంటించిన బిళ్ళ దానంతటదే చక్కెర లెక్కలు చెబుతుంది, మంచిదే, కానీ ఇక నన్ను అడిగేవాళ్ళు లేరు.