దేవుడమ్మ మీద నా కుళ్లు

నర్సీపట్నం కోర్టు ఆవరణలో దేవుడమ్మ లాయరు గారెక్కడ అని అడగండి, జిరాక్సు కొట్టతను పని ఆపి మరీ లేచొచ్చి దారి చూపిస్తాడు. మణి లాయరు గారెక్కడ అని అడగండి, ఏ మణి అంటాడు. ఆ మణిని నేనే. దేవుడమ్మ గురించి రాయడానికి నాకంటే తగిన మనిషి దొరకదు. పన్నెండేళ్లుగా ఆమెని చూసి నేను కుళ్లుకున్నంతగా ఇంకెవరూ కుళ్లుకుని ఉండరు. కుళ్లుకునేవాళ్లకి తెలిసినన్ని వివరాలు అభిమానులకి తెలియవు.

మాది గొలుగొండ. నాన్నకి చెరకు చేను, రెండెకరాల జీడితోట ఉండేవి. దేవుడమ్మది చింతపల్లి దాటాక ఇంకా పైకెక్కితే వచ్చే కొండ ఊరు. ఆమె తండ్రి సోములు మిరియాలు, పసుపు సంతకి మోసుకొచ్చి అమ్మేవాడు. ఇంటర్ ఇద్దరం నర్సీపట్నంలో ఒకే బెంచీ మీద చదివాం, ఒకే ఏడాది లాసెట్ రాశాం. నా ర్యాంకు ఆమెకంటే మెరుగు. ఈ మాట ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

కాలేజీ ఎంచుకునే రోజు వచ్చింది. విశాఖలో ఒక ప్రైవేటు లా కాలేజీ నున్నటి కాగితం మీద రంగురంగుల పుస్తకం అచ్చేసి పంచింది. అందులో ఏసీ హాలు, నల్లకోట్లు వేసుకుని నవ్వుతున్న పిల్లలు, చివరి పేజీలో ఉద్యోగాలిచ్చే కంపెనీల పేర్లు. నాన్న ఆ పుస్తకం చూసి మురిసిపోయి జీడితోట అమ్మేశాడు. దేవుడమ్మ ర్యాంకుకి కూడా అక్కడ సీటొచ్చేది. ఆమె మాత్రం పెచ్చులూడిన గోడల ప్రభుత్వ కాలేజీలో చేరింది. అక్కడ ఏడాది ఫీజు మా హాస్టల్లో ఒక నెల భోజనం ఖర్చంత కూడా లేదు. పాపం అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ జాలి నాకు చాలా హాయిగా ఉండేది. ఐదేళ్లూ దాని మీదే బతికాను.

చదువయ్యాక ఇద్దరం నర్సీపట్నంలో మత్స్యరాజు గారనే పెద్ద లాయరు దగ్గర జూనియర్లుగా చేరాం. జూనియర్‌కి జీతం ఉండదని నాకు అక్కడే తెలిసింది. టిఫిను, ఆటో ఛార్జీలు, మెచ్చుకుంటే భుజం మీద ఓ తట్టు. ఏసీ హాల్లో చదివినా పెచ్చుల గోడల మధ్య చదివినా అంతే. దేవుడమ్మకి తండ్రి ఇచ్చిన మిరియాల డబ్బు ఫీజులకి పోకుండా బ్యాంకులో భద్రంగా ఉంది. ఆ డబ్బుతో గది అద్దె కట్టుకుంది, బియ్యం ఇంటి నుంచి తెప్పించుకుంది, తాపీగా పని నేర్చుకుంది. నా చేతిలో సర్టిఫికెట్ తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు నేనొక పని చేశాను. సీనియర్ గారు నెలకి పదిహేను వేలిస్తున్నారని నాన్నకి అబద్ధం చెప్పాను. అది నిజమని నమ్మించడానికి మెడలో గొలుసు అమ్మి మూడు నెలలు ఇంటికి డబ్బు పంపాను. నాన్న ఆ సంగతి గొలుగొండలో పలకరించినవాడికీ పలకరించనివాడికీ చెప్పుకున్నాడు. గొలుసు డబ్బు అయిపోగానే హైదరాబాదు పారిపోయి ఒక కంపెనీలో ఒప్పంద పత్రాలు చదివే ఉద్యోగంలో చేరాను. ఎనిమిదేళ్లు చదివాను. నాన్న ఆ పదిహేను వేల నమ్మకంతోనే పోయాడు. తరవాత కంపెనీ ఆ పని కంప్యూటర్లకి అప్పగించి మమ్మల్ని ఇంటికి పంపేసింది.

మూడేళ్ల కిందట తిరిగొచ్చి మళ్లీ నర్సీపట్నం కోర్టులో ప్రాక్టీసు పెట్టేసరికి ఏజెన్సీ కొండల నుంచి దిగే మొదటి బస్సులో సగం మంది దేవుడమ్మ క్లయింట్లే. ఎందుకో కనిపెట్టాలని ఆమె బల్ల పక్కనే కూర్చుని గమనించాను. కొండ మీది మనుషులు తారీఖులు చెప్పరు. పసుపు తవ్వకాలయ్యాక రెండో సంతకి గొడవైందంటారు. దేవుడమ్మ దగ్గర ఏ ఊరి సంత ఏ వారమో, ఏ ఏడాది ఏ పంట ఎప్పుడు తీశారో రాసుకున్న నోటుపుస్తకం ఉంది. అది తిరగేసి, నలుగురిని వాకబు చేసి, తారీఖు తేలాకే కాగితం మీద కలం పెడుతుంది. నేను గంగులు అనే ఆయన తరఫున వేసిన కొట్లాట కేసులో ఉరామరిగా ఒక తారీఖు వేసేశాను. ఆ రోజు నిందితుడు విశాఖ ఆసుపత్రిలో మంచమ్మీద ఉన్నాడని అవతలి లాయరు కాగితం చూపించాడు. మర్నాడే గంగులు నా దగ్గర వకాల్తా మార్చుకుని ఆమె దగ్గరికి వెళ్లిపోయాడు. అభ్యంతరం లేదని నేనే సంతకం పెట్టాను.

ఈ ఏడు మా అన్నయ్య చినబాబు కూతురు బేబి లాసెట్ రాసింది, మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఆన్‌లైన్లో కాలేజీల వరస పెట్టడానికి ఆఖరి రోజు ఆదివారం. తండ్రీకూతుళ్లిద్దరూ పొద్దున్నే మా ఇంటికొచ్చారు.

"మణీ, నువ్వు సదివిన కాలేజీయే ఫస్టు పెట్టీమని సెప్పు. సెరకు సేను బేరం కుదిరిపోనాది. రేపు బయానా ఇత్తానన్నారు" అన్నాడు అన్నయ్య.

"అదే మంచిది" అన్నాను, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. బేబి కూడా అక్కడే చదివితే జీడితోట వృథా కానట్టే. ప్రభుత్వ కాలేజీకి వెళ్లిందంటే దేవుడమ్మ గెలిచినట్టే. నా మనసులో ఉన్నది ఇంతే. పిల్ల బాగోగులు అందులో లేవు.

బేబి సంచీలోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. "అత్తా, మొన్న నాను కోర్టుకెళ్లి పద్దెనిమిది మంది లాయర్లని అడిగాను. ఏ కాలేజీ, మొదటి ఏడాది సేతికెంతొచ్చింది అనీసి. దేవుడమ్మ గారు సెప్పారు అలాగ అడగమని. కాలేజీలో సేరకముందు ఆవిడ కూడా అలాగే తిరిగి అడిగారంట."

నాకు ఒళ్లు మండింది. "ఇంట్లో లాయరుండగా ఆవిడ దగ్గరికెందుకెళ్లావే?"

"ఆవిడ ఏ కాలేజీ మంచిదో సెప్పలేదత్తా. నీకెంతొచ్చేదని అడిగితే, 'అది నాను సెప్పకూడదు, మీ అత్తనే అడుగు' అన్నారు."

అంటే నా అబద్ధం ఆమెకి తెలుసు. ఒకే ఆఫీసులో ఎదురెదురుగా కూర్చునేవాళ్లం, నేను బోసి మెడతో వచ్చిన రోజు ఆమె చూసే ఉంటుంది, నాన్న చాటిన పదిహేను వేల మాట చెవిన పడే ఉంటుంది. పన్నెండేళ్లలో ఒక్కరికి కూడా చెప్పలేదు. ఇంకెవరైనా అయితే కృతజ్ఞతతో కరిగిపోయేవారు. నాకు మాత్రం కుళ్లు ఇంకా ఎక్కువైంది. క్లయింట్లూ ఆమెకే, పేరూ ఆమెకే, చివరికి ఆ మంచితనం కూడా ఆమెకేనా?

"నీకెంతొచ్చింది అత్తా?"

అన్నయ్య గర్వంగా నవ్వాడు. "నెలకి పదిహేనేలే! నాన్న ఊరంతా సెప్పుకున్నాడు కాదేటి? రాసుకో."

బేబి రాయబోయింది.

"రాయకు" అన్నాను. "ఏమీ రాలేదు. ఆటో ఛార్జీలంతే."

"మరి నువ్వు పంపిన డబ్బులు?" అన్నాడు అన్నయ్య.

"గొలుసు అమ్మాను."

అన్నయ్య నా మెడకేసి చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "మరి ఆ దేవుడమ్మ ఎలాగ నెట్టుకొచ్చింది?" అన్నాడు.

చెప్పక తప్పలేదు. ఫీజుల దగ్గర మిగుల్చుకున్న డబ్బు జీతం లేని ఏళ్లకి దాచుకున్న సంగతి, మిరియాల సంగతి, తెలివితేటల సంగతి అన్నీ నా నోటితోనే చెప్పాను. అన్నయ్య నోరు తెరుచుకుని విన్నాడు. నా గురించి నేను ఏం చెప్పినా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. విన్నాక బయటికెళ్లి, చేను అమ్మడం లేదని ఫోను చేసి చెప్పేశాడు. బేబి ప్రభుత్వ కాలేజీని మొదటికి మార్చి సేవ్ చేసింది.

వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ బేబి అడిగింది. "ఐదేళ్లయ్యాక దేవుడమ్మ గారు నన్ను జూనియరుగా తీసుకుంటారేటి అత్తా? ఒకసారి అడిగి పెడతావా?"

ఇంట్లో ఇంకో లాయరుందన్న ఆలోచనే ఆ పిల్లకి రాలేదు. అడుగుతానన్నాను.

సోమవారం బార్ అసోసియేషన్ హాల్లో అడిగాను. దేవుడమ్మ ఫైలు మీంచి తలెత్తి, "అదేటి, నీ దగ్గర సేరదా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం నటన అయి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటున్నాను.